డ్రై ఐ: కంటిని తాకకుండానే టెస్ట్.. ఆ 10 సెకన్లే కీలకం!

కళ్లలో మంట, ఇసుక పడ్డట్టు గరగర ఉంటే చాలామంది మెడికల్ షాపులో ఏదో ఒక చుక్కల మందు కొనేస్తుంటారు. కానీ కన్నీరు తక్కువగా ఊరుతోందా, లేక త్వరగా ఆరిపోతోందా అన్నది ముందు తేలాలి. రెండింటికీ చికిత్స ఒకటి కాదు.

కింది రెప్పలో 5 నిమిషాలు కాగితం పట్టీ పెట్టడం, రంగు చుక్క వేయడం పాత పద్ధతులు. ఇప్పుడు కంటిని తాకకుండానే కెమెరాతో చూస్తున్నారు. కంటిపై వెలుగు వలయాలు పడేలా చేసి, రెప్ప వేయకుండా చూడమంటారు. 10 సెకన్లలోపే వలయాలు చెదిరితే కన్నీటి పొర నిలవట్లేదని అనుమానించాలి. రెప్పను కాస్త తిప్పి, ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో అందులోని నూనె గ్రంథులనూ పరిశీలిస్తారు. అవి దెబ్బతింటే కన్నీరు త్వరగా ఆవిరవుతుంది.

చుక్కల మందు ప్రభావం ఉంటే రిజల్ట్ మారొచ్చు. అందుకే టెస్టుకు ఎంతముందు ఆపాలో డాక్టర్‌ను అడగండి.