తెలుగు యాపు: వెబ్ పుటనుండి ఫోనునకు చేరుటలో తలెత్తు చిక్కులు

హోసూరు, బళ్ళారి, బరంపురము, షోలాపురము వంటి పట్టణములలో తరతరములుగా స్థిరపడిన తెలుగువారికి మాతృభాషను పిల్లల కందించుట చాలవరకు ఇంటిపనియే. ఆ పట్టణములలో అనేక బడులయందు తెలుగు చదువునకు చోటు లేకుండుటచే ఆ భారము తల్లిదండ్రులపైనను, సంఘములపైనను పడినది. అక్షరమాల నేర్పు యాపులు, శతకపద్యములు వినిపించు యాపులు, సంఘసభ్యుల పట్టికలు గల యాపులు ఈ పనికి కొంత తోడ్పడగలవు. కాని యాపును తయారు చేయుట ఒక యెత్తు, అది ఇంటింటి ఫోనునకు చేరుట మరియొక యెత్తు.

యాపు ప్లే స్టోరులో ప్రకటింపబడినదని వార్త వచ్చును. లంకె అందరికిని పంపబడును. అవ్వ యొకతె ఆ లంకెను తెరచి, ఏమియు కనబడుట లేదనును. మరియొకరికి పుట కనబడును గాని ఇన్‌స్టాలు మీట యుండదు. వేరొకరికి మీట పనిచేయును గాని ఫోనులో యాపు దిగదు. ఇవన్నియు ఒకే రోగపు లక్షణములు కావు. వేరువేరు కారణములు గల వేరువేరు చిక్కులు. వీనిని క్రమముగా విచారించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

వెబ్ పుట స్వభావము

ఆండ్రాయిడ్ ఫోనులకు యాపుల అంగడి 2008వ సంవత్సరమున తెరువబడినది. కంప్యూటరులోని బ్రౌజరునుండియే యాపును ఎన్నుకొని ఫోనునకు పంపు సౌకర్యము 2011 ఫిబ్రవరిలో ఏర్పడినది. 2012 మార్చిలో ఆ అంగడికి గూగుల్ ప్లే అను పేరు వచ్చినది. ఈ చరిత్రనుబట్టి తెలియవలసిన ముఖ్యవిషయ మొకటి కలదు. వెబ్ పుటలోని ఇన్‌స్టాలు మీట కంప్యూటరులోనికి దస్త్రమును దింపునది కాదు. పూర్వము ఒక ఊరి తపాలా కచేరిలో మనియార్డరు కట్టినచో మరియొక ఊరిలో రూపాయలు చేతికందినట్లు, ఇక్కడ మీట నొక్కినచో అదే గూగుల్ ఖాతా గల ఫోనునకు యాపు పంపబడును. కావున కంప్యూటరులో దస్త్రమేదియు కానరాలేదని కంగారు పడనక్కర లేదు.

దస్త్రము నేరుగా దొరకకుండుటకు మరియొక కారణము కూడ కలదు. 2021 ఆగస్టునుండి ప్లే స్టోరులో ప్రకటింపబడు నూతన యాపులన్నియు బండిల్ రూపముననే సమర్పింపబడవలెను. స్టోరు ఆ బండిలును విప్పి, ఫోను తెరకు, ప్రాసెసరునకు, భాషకు తగిన ముక్కలను మాత్రము కూర్చి పంపును. అందుచే రెండు ఫోనులకు చేరునది ఒకే యాపైనను, లోని ముక్కలు ఒకటి కాకపోవచ్చును. ఒకరి ఫోనులోనుండి ప్రధానభాగమును మాత్రము తీసి మరియొకరికి పంపినచో అది తెరువకనే పోవుట కిదియే హేతువు.

మొదటి విచారణ: ప్రచురణ జరిగినదా?

యాపును సమర్పించిన వెంటనే అది లోకమునకు కనబడదు. గూగుల్ వారి పరిశీలనకు ఏడు దినముల వరకు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువయు పట్టవచ్చును. ప్రచురణకర్త తానే విడుదల చేయునట్లు ఏర్పాటు చేసికొనియుండినచో, ఆమోదము లభించిన పిమ్మటకూడ ప్లే కన్సోలులో ప్రచురణ మీటను నొక్కవలసి యుండును. దానిని మరచి రోజులతరబడి వేచియుండువారు కలరు.

పరీక్షాదశ విషయము ఇంతకంటె చిక్కైనది. 2023 నవంబరు 13వ తేదీ తరువాత తెరువబడిన వ్యక్తిగత ఖాతాలవారు యాపును అందరికి విడుదల చేయుటకు ముందు పరిమితపరీక్ష నడపవలెను. మొదట ఈ నిబంధన 20 మంది పరీక్షకులను కోరెను. 2024 డిసెంబరులో ఆ సంఖ్య 12కు తగ్గింపబడెను. వారు వరుసగా 14 దినములు పరీక్షలో నిలిచియుండవలెను. ఈ దశలో లంకె పరీక్షకుల జాబితాలో పేరున్నవారికి మాత్రమే పనిచేయును. తయారుచేసినవారికి పుట చక్కగా కనబడును. ఏలయన వారి ఖాతా జాబితాలో నుండును. తక్కినవారికి పుట లేదని జవాబు వచ్చును.

దీనిని తేల్చుటకు సులభమైన ఉపాయము కలదు. ఖాతాలోనికి ప్రవేశింపకయే, బ్రౌజరులోని ఏకాంతగవాక్షమున లంకెను తెరచి చూడవలెను. పుట కనబడినచో యాపు నిజముగా విడుదలైనట్లే. కనబడనిచో దోషము చూచువారియందు లేదు, ప్రచురణయందు కలదు. లంకె చివరనుండు ప్యాకేజీ పేరులో ఒక్క అక్షరము జారినను పుట దొరకదు కావున, లంకెను చేతితో వ్రాయక నకలు తీసి పంపుటయే మేలు. పేరుతో వెదకినపుడు నూతనయాపు కొన్నిదినములు కానరాకపోవుటయు కలదు. అంతవరకు లంకెయే శరణ్యము.

రెండవ విచారణ: దేశము

ప్రచురణకర్త ఏయే దేశములను ఎన్నుకొనునో ఆ దేశములలోనే యాపు లభించును. ఇక్కడ లెక్క దేశమునకే గాని రాష్ట్రమునకు కాదు. 1953, 1956 సంవత్సరములలో ఏర్పడిన రాష్ట్రపు సరిహద్దులతో స్టోరునకు సంబంధము లేదు. భారతదేశమును ఎన్నుకొన్నచో హోసూరునకు, బరంపురమునకు, యానామునకు భేదము లేదు. విదేశములందలి బంధువుల విషయము వేరు. వారి ప్లే ఖాతా ఫ్రాన్సునకో అమెరికాకో చెందియున్నచో ఆ దేశములను కూడ ప్రచురణకర్త చేర్పవలెను. ఖాతాలోని దేశమును సంవత్సరమునకు ఒకమారు మాత్రమే మార్చుకొనుటకు వీలు కలదు కనుక, ఒక్క యాపు కొరకు దేశము మార్చుకొనుడని బంధువులకు సలహా చెప్పుట ఉచితము కాదు.

మూడవ విచారణ: ఫోను, ఖాతా

పుట కనబడి, ఈ పరికరమునకు యాపు సరిపడదని వచ్చినచో, మూడు విషయములు చూడవలెను. ఫోనులోని ఆండ్రాయిడ్ యాపు కోరు కనీస సంచిక కంటె పాతది కావచ్చును. యాపు కెమెరాను గాని టెలిఫోను సౌకర్యమును గాని తప్పనిసరిగా కోరుచుండవచ్చును. ఫోను చేయుటకు అనుమతి అడిగిన యాపు, వేరుగా చెప్పనిచో, టెలిఫోను సౌకర్యము అవసరమైనదిగనే స్టోరుచే భావింపబడును. అందుచే సిమ్ లేని టాబ్లెట్లకు అది దాచబడును. పిల్లల చేతులలో నుండునవి తరచుగ ఆ టాబ్లెట్లే. ఆ సౌకర్యము ఐచ్ఛికమని యాపులో ప్రకటించినచో ఈ అడ్డు తొలగును. ఏ పరికరము ఏల తొలగింపబడినదో ప్లే కన్సోలులోని పరికరముల పట్టిక తెలుపును.

మీట నొక్కినను యాపు రానిచో ఖాతాను చూడవలెను. కంప్యూటరులో కుమారుని ఖాతాయు, ఫోనులో తండ్రి ఖాతాయు ఉన్నచో యాపు తండ్రి ఫోనునకు చేరదు. ఒకే ఖాతాకు పలు పరికరములు జతయై యున్నపుడు పాతఫోను ఎన్నుకొనబడుటయు కలదు. ఫోనునకు ఇంటర్నెట్టు లేనిచో అది తిరిగి కలియువరకు యాపు వేచియుండును.

నాలుగవ విచారణ: తెలుగు కనబడని తెలుగు యాపు

వెలుపలి తెలుగువారికి విశేషముగ తగులు చిక్కు ఇది. యాపు దిగును, తెరచుకొనును, కాని అందు తెలుగు లేదు. పైన చెప్పిన బండిల్ పద్ధతియే దీనికి మూలము. స్టోరు ఫోనులో ఎన్నుకొన్న భాషలకు సంబంధించిన ముక్కలనే పంపును. షోలాపురమున మరాఠీలోను, బళ్ళారిలో కన్నడములోను, హోసూరులో తమిళములోను, అనేకచోట్ల ఇంగ్లీషులోను ఫోనులు నడచుచుండును. అట్టి ఫోనునకు తెలుగు ముక్క పంపబడదు. లోపల తెలుగు ఎన్నుకొను మీట యున్నను అది ఫలింపదు. తెలుగులోనే నడచు ఫోనుపై పరీక్షించినవారికి ఈ లోపము ఎన్నటికిని తెలియదు.

దీనికి రెండు మందులు కలవు. ప్రచురణకర్త బండిల్ అమరికలో భాషాముక్కల విభజనను నిలిపివేసినచో తెలుగు అందరికిని చేరును. యాపు పరిమాణము కొంచెము పెరుగును. అది భరింపదగిన మూల్యమే. పాఠకుని వైపున, ఫోను అమరికలలోని భాషల జాబితాలో తెలుగును రెండవ భాషగా చేర్చుకొన్నచో ఆ ముక్కను స్టోరు పంపును. మొదటి భాషను మార్చుకొననక్కర లేదు.

చేయకూడని చికిత్స

ఇన్ని విచారణలకు ఓపిక లేక పెక్కుమంది ఒక దగ్గరి దారి త్రొక్కుదురు. యాపు దస్త్రమును వాట్సాప్‌లో పంపి, అపరిచిత దస్త్రములకు అనుమతి ఇచ్చి తెరువుడని పెద్దలకు చెప్పుదురు. ఆ నాటికి పని జరిగినట్లే యుండును. కాని వివాహ ఆహ్వానపత్రిక పేరుతో వచ్చు ఏపీకే దస్త్రములను తెరువవలదని 2024లో పోలీసులు ప్రజలను హెచ్చరింపవలసి వచ్చినది. అట్టి దస్త్రములు ఫోనులోని సందేశములను చదివి, బ్యాంకు రహస్యసంఖ్యలను అపహరింపగలవు. సంఘమువారు పంపినదని నమ్మి ఒకమారు అనుమతి నిచ్చిన వృద్ధుడు, రేపు సంఘము పేరు పెట్టుకొని మోసగాడు పంపినను అట్లే నమ్మును. అక్షరములు నేర్పుటకు పంపిన దస్త్రము ఇంటివారి సొమ్ము పోవుటకు దారి కాగూడదు.

కావున లంకెను ఊరూర పంపుటకు ముందే సంఘము ఈ క్రమమును పాటించుట మేలు. ఏకాంతగవాక్షమున పుటను చూడవలెను. సభ్యులుండు దేశములన్నియు చేర్పబడినవేమో సరిచూడవలెను. సిమ్ లేని టాబ్లెట్టుపై ఒకమారు, పాతఫోనుపై ఒకమారు దింపిచూడవలెను. కన్నడము, తమిళము, ఒడియా, మరాఠీ, ఇంగ్లీషు భాషలలో నడచు ఐదు ఫోనులపై యాపును తెరచి తెలుగు కనబడుచున్నదేమో పరీక్షింపవలెను. ఈ పరీక్షలకు ఒక్క సాయంకాలము చాలును. ఆ ఒక్క సాయంకాలపు శ్రమ లోపించుటచే, యాపు రాలేదని విసిగిన ఇల్లు రెండవమారు లంకెను తెరువకపోవచ్చును. అట్లు తెరువబడని ఇంట ఒక బిడ్డకు అక్షరములు అందక నిలిచిపోవును.