లెక్కకు రాని మనుషులు

జనగణన ఆన్‌లైన్‌కు మారుతోందనగానే చాలామందికి కలిగే భయం సైటు పడిపోతుందేమోనని. ఆస్ట్రేలియాలో 2016 ఆగస్టు 9 రాత్రి అదే జరిగింది. సైబర్ దాడులకు రౌటర్ వైఫల్యం తోడై, కుటుంబాలు ఫారాలు నింపుతున్న వేళ అధికారులు సైటు మూసేశారు. మళ్లీ తెరవడానికి సుమారు 40 గంటలు పట్టింది. దేశమంతా దుమారం రేగింది. అయినా చివరికి దాదాపు 95 శాతం ఇళ్ల నుంచి జవాబులు వచ్చాయి. సైటు పడిపోతే అందరికీ తెలుస్తుంది, వెంటనే బాగుచేస్తారు. జవాబు ఇవ్వకుండా మిగిలిపోయిన మనిషి సంగతి మాత్రం పైకి కనబడదు. నా దృష్టిలో అసలు ప్రమాదం అదే.

న్యూజిలాండ్‌లో 2018 మార్చి 6న జరిగిన జనగణన చూడండి. 70 శాతం ఫారాలు ఆన్‌లైన్‌లో రావాలని లక్ష్యం పెట్టుకుంటే 82 శాతం వచ్చాయి. ఆ అంకె ఒక్కటే చూస్తే ఘనవిజయం. కానీ ఫారం నింపినవారు 2013లో జనాభాలో 92 శాతం ఉండగా, ఈసారి 83 శాతానికి పడిపోయారు. మావోరీల్లో 68 శాతం, పసిఫిక్ దీవుల మూలాలున్నవారిలో 65 శాతం మాత్రమే జవాబిచ్చారు. అంతకుముందు సిబ్బంది ఇంటింటికీ తిరిగి ఫారం చేతికిచ్చేవారు. 2018లో ఎక్కువ ఇళ్లకు కోడ్ ఉన్న ఉత్తరం పోస్టులో పంపి, తిరిగే సిబ్బందిని తగ్గించారు. ఈ లోపాలపై స్వతంత్ర సమీక్ష వెలువడిన 2019 ఆగస్టులోనే గణాంక శాఖ అధిపతి లిజ్ మెక్‌ఫెర్సన్ రాజీనామా ప్రకటించారు.

ప్రభుత్వ రికార్డులతో ఆ లోటు పూడ్చారు కదా, ఇక నష్టమేమిటని అడగవచ్చు. నిజమే, తలల లెక్క నిలబడింది. అయితే ఎవరు ఏ మావోరీ తెగకు చెందినవారో పన్ను కాగితాలు చెప్పవు. అందుకే తెగలవారీ అంకెలను అధికారిక గణాంకాలుగా ప్రకటించలేకపోయారు. పైగా ఏ ప్రభుత్వ కార్యాలయం గడపా తొక్కనివారు రికార్డుల్లోనూ ఉండరు. ఖర్చు తగ్గుతుంది, తప్పులు తగ్గుతాయి, ఫలితాలు త్వరగా వస్తాయి అనే వాదనను నేను కాదనను. ఆన్‌లైన్ ఫారం ప్రశ్న వదిలేస్తే అక్కడికక్కడే గుర్తుచేయగలదు. కానీ మిగిలిన డబ్బు మిగిలిపోయిన మనుషుల దగ్గరికి వెళ్లడానికే ఖర్చు కావాలి.

2011 తర్వాత మన దేశం తలపెట్టిన 2027 జనగణన ఈ విషయంలో మెరుగైన దారి పట్టింది. పోర్టల్‌లో స్వయంగా వివరాలు నింపే వీలు కల్పిస్తూనే గణకులను ఇంటింటికీ పంపే పద్ధతిని నిలుపుకుంది. కులాల లెక్క కూడా ఇందులోనే ఉంది గనుక పట్టు సడలకూడదు. నల్లమల చెంచుగూడెంలోనో, తెలంగాణ ఇటుక బట్టీల్లో పనిచేసే ఒడిశా కూలీల గుడిసెల్లోనో జనం లెక్క తప్పితే, చిన్న సమూహాల అంకె మరింత చిన్నదవుతుంది, దాంతోపాటే వారికి దక్కే వాటా కూడా. ఎంతమంది పోర్టల్‌లో నింపారో గొప్పగా చెప్పుకునే అధికారులు, ఏ మండలంలో ఎన్ని ఇళ్లు మిగిలిపోయాయో కూడా బయటపెట్టాలి. ఫోనులో నింపగలిగినవారు నింపేయండి. మీ దగ్గర ఆదా అయిన సమయాన్ని గణకులు ఆ గూడేలకు, ఆ గుడిసెలకు కేటాయించగలుగుతారు.