ఎన్ని జోడీలు అమ్మితే ఖర్చులు వెళ్ళేను? - లాడ్‌బజారు గాజుల దుకాణం లెక్క

(మా వాణిజ్య విలేకరి)

రంజాన్ నెలలో చార్మినార్ పక్కన లాడ్‌బజారులో అర్ధరాత్రి దాటినా బేరాలు ఆగవు. గల్లా నిండుతుంది. పండుగ వెళ్ళిన తర్వాత అదే దుకాణంలో బోణీ కోసం మధ్యాహ్నం దాకా ఎదురు చూడవలసి వస్తుంది. ఏడాది చివర చిఠ్ఠా తిరగవేసినపుడు "ఇంత అమ్మినా మిగిలిందేమిటి?" అన్న ప్రశ్న తలెత్తుతుంది. ఆ ప్రశ్నకు ఒక చిన్న భాగహారంతో జవాబు చెప్పవచ్చును.

ఏ అమ్మకం దగ్గర ఖర్చులన్నీ సరిగ్గా తీరిపోయి లాభం గాని, నష్టం గాని వుండదో దానినే వాణిజ్యశాస్త్రంలో బ్రేక్ ఈవెన్ పాయింట్ అంటారు. తెలుగులో లాభనష్టరహిత స్థానం అనవచ్చును. 1930 ప్రాంతంలో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు వాల్టర్ రౌటెన్‌స్ట్రాచ్ ఈ లెక్కను బాగా ప్రచారంలోకి తెచ్చాడు. పెద్ద ఫ్యాక్టరీల కోసం పుట్టిన పద్ధతి అయినప్పటికీ పది అడుగుల దుకాణానికి కూడా ఇది అంతే చక్కగా పనికి వస్తుంది.

2024లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదు లక్క గాజులనే ఉదాహరణగా తీసుకుందాం. కింది అంకెలు లెక్క తెలియడానికి వేసుకున్నవి మాత్రమే. ఎవరి దుకాణం అంకెలు వారు వేసుకోవలసి వుంటుంది.

రెండు రకాల ఖర్చులు

ముందుగా ఖర్చులను రెండు ఖాతాలుగా విడదీయాలి. ఒక్క జోడీ అమ్మకపోయినా నెల తిరిగేసరికి చెల్లించక తప్పనివి స్థిర వ్యయాలు. అమ్మిన ప్రతి జోడీతో పాటు పెరిగేవి చర వ్యయాలు.

స్థిర వ్యయాలు నెలకు ఇలా వున్నాయనుకుందాం. దుకాణం కిరాయి రు. 30,000, ఇద్దరు గుమాస్తాల జీతాలు రు. 24,000, కరెంటు, ఫోను రు. 4,000, 3 లక్షల అప్పుపై నూటికి నెలకు రూపాయిన్నర చొప్పున వడ్డీ రు. 4,500, లైసెన్సు, బీమా వగైరాలు రు. 1,500, యజమాని ఇంటి ఖర్చుకు తీసుకునేది రు. 20,000. వెరసి రు. 84,000.

ఇక జోడీకి అయ్యే ఖర్చు: లక్క రు. 30; రాళ్ళు, అద్దాలు, రంగు రు. 40, కారిగరు మజూరీ రు. 60, డబ్బా రు. 8, విరుగుడు, తరుగు రు. 2. మొత్తం రు. 140. అమ్మకపు ధర రు. 260 అనుకుంటే జోడీకి రు. 120 మిగులుతుంది. దీనిని లాభమని భ్రమించరాదు. ఇది కిరాయికి, జీతాలకు, వడ్డీకి జమ పడే సొమ్ము. లెక్కల భాషలో దీనిని కాంట్రిబ్యూషన్ అంటారు.

రు. 84,000ను రు. 120తో భాగిస్తే 700 వస్తుంది. నెలకు 700 జోడీలు, అనగా 28 పని దినాలలో రోజుకు 25 జోడీలు అమ్మితే ఖర్చులు వెళతాయి. రూపాయలలో చెప్పాలంటే నెలకు రు. 1,82,000 అమ్మకం. 701వ జోడీతో గాని లాభం మొదలు కాదు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటున్నది. తన దుకాణంలో తాను కూర్చుంటే జీతమెందుకని యజమాని తన రు. 20,000ను లెక్కలో చేర్చడు. అప్పుడు స్థిర వ్యయం రు. 64,000 మాత్రమే కనబడి, 534 జోడీలకే గట్టెక్కినట్లు తోస్తుంది. నిజానికి 534కు, 700కు మధ్య వున్నంతకాలం అతడు తన కూలిని తానే నష్టపోతూ దుకాణం నడుపుతున్నాడన్న మాట. ఇంటి ఖర్చు మాత్రం ఆగదు కనుక ఆ లోటు అప్పు రూపంలో తేలుతుంది.

బేరంలో పోయేదెంత?

పాతబస్తీలో బేరమాడకుండా గాజులు కొనేవారు అరుదు. నూటికి పది తగ్గించడం పెద్ద విషయం కాదని వర్తకుడు అనుకుంటాడు. రు. 260ల జోడీ రు. 234కు ఇస్తే మిగులు రు. 120 నుంచి రు. 94కు పడిపోతుంది. అప్పుడు ఖర్చులు వెళ్ళడానికి 894 జోడీలు అమ్మాలి. ధర నూటికి 10 తగ్గితే అమ్మకం నూటికి 28 దాకా పెరగాలన్న మాట. నూటికి 20 తగ్గిస్తే మిగులు రు. 68 మాత్రమే కనుక 1,236 జోడీలు అవసరమవుతాయి.

లక్క ధర పెరిగినపుడు వచ్చే మార్పును దీనితో పోల్చి చూడాలి. లక్క మోదుగ, రేగు, కుసుమ చెట్లపై పెరిగే పురుగు స్రవించే జిగురు. జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవులు దీనికి ముఖ్య స్థానాలు. వాతావరణం దెబ్బ తీస్తే రాబడి తగ్గి ధర చురుకెక్కుతుంది. మన ఉదాహరణలో జోడీకి పట్టే లక్క రు. 30 నుంచి రు. 40కి, అనగా మూడో వంతు పెరిగితే మిగులు రు. 110 అవుతుంది, లాభనష్టరహిత స్థానం 764 జోడీలకు జరుగుతుంది. ముడిసరుకు మూడో వంతు పెరిగితే 64 జోడీల భారం. బేరంలో పదో వంతు వదిలితే 194 జోడీల భారం. లక్క మార్కెట్టును రోజూ వాకబు చేసే వర్తకుడు తన కౌంటరు వద్ద వదిలేస్తున్న సొమ్మును కూడా అంత శ్రద్ధగా గమనించవలసి వున్నది.

కొత్త ఖర్చు పెట్టేముందు కూడా ఇదే కొలత. రు. 12,000 జీతానికి మూడో గుమాస్తాను పెట్టుకుంటే నెలకు మరో 100 జోడీలు అమ్ముడు పోవాలి. అతని వల్ల అంత బేరం పెరుగుతుందా అని ముందే ఆలోచించుకోవాలి.

పన్నెండు నెలల లెక్క

సీజను వ్యాపారాలకు నెలవారీ లెక్క సరిపోదు. ఏడాది స్థిర వ్యయం రు. 10,08,000, దానికి 8,400 జోడీలు అమ్మాలి. రంజాన్ నెలలో 2,500; మూడు పెళ్ళిళ్ళ నెలలలో వెయ్యేసి చొప్పున 3,000; మిగిలిన ఎనిమిది నెలలలో 400 చొప్పున 3,200 అమ్మారనుకుందాం. మొత్తం 8,700 జోడీలు. లాభనష్టరహిత స్థానానికి పైన వున్నవి 300 జోడీలే. ఏడాది లాభం రు. 36,000.

ఎనిమిది నెలలు నెలకు రు. 36,000 చొప్పున వచ్చిన రు. 2,88,000 నష్టాన్ని నాలుగు నెలల మిగులు రు. 3,24,000 పూడుస్తున్నది. రంజాన్ అమ్మకం 2,500 నుంచి 2,200కు తగ్గితే చాలు, ఏడాది లాభమంతా హరించుకుపోతుంది. అమ్మకం ఎంత తగ్గేదాకా దుకాణం తట్టుకోగలదో చెప్పే ఈ తేడాను భద్రతా మార్జిన్ అంటారు. ఇక్కడ అది నూటికి మూడున్నర కంటే తక్కువే.

ఇది కాగితం మీది భయం కాదు. 2020లో మార్చి 25 నుంచి లాక్‌డౌన్ అమలులోకి రాగా, ఏప్రిల్ 25న మొదలైన రంజాన్ మాసమంతా అందులోనే గడిచింది. 2021లో మే 14న పండుగ కాగా రాష్ట్రంలో మే 12 నుంచి లాక్‌డౌన్ వచ్చింది. మన ఉదాహరణలో ఒక్క రంజాన్ పోతే రు. 3,00,000ల మిగులు పోతుంది. ఎనిమిదేళ్ళు కూడబెట్టిన లాభం కూడా దానికి చాలదు. అందుచేత రంజాన్ గల్లాను లాభంగా ఎంచి ఖర్చు చేయక, మందకొడి నెలల కిరాయి, జీతాలు ముందుగా తీసి పక్కన పెట్టడం క్షేమకరం. రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. పెళ్ళి ముహూర్తాలతో అది కలిసి వచ్చిన సంవత్సరాలలో కారిగర్ల చేతులు చాలక మజూరీ పెరిగే అవకాశమున్నదని కూడా గుర్తుంచుకోవాలి.

దలాలు తెచ్చిన ఆర్డరు

మందకొడి నెలలో ఒక దలాలు పొరుగూరి దుకాణానికి 500 జోడీలు, జోడీ రు. 180 చొప్పున అడిగాడనుకుందాం. 400 జోడీలే అమ్మే నెలలో స్థిర వ్యయం పంచితే జోడీ రు. 350 పడుతుంది కనుక వర్తకుడు వద్దనవచ్చు. అది తొందరపాటు. కిరాయి, జీతాలు ఎలాగూ తప్పవు. ఈ ఆర్డరుపై అదనంగా అయ్యేది జోడీకి రు. 140, మిగిలేది రు. 40. మొత్తం రు. 20,000. దలాలీ నూటికి రెండు చొప్పున రు. 1,800, సొమ్ము మూడు నెలలకు వస్తే రు. 70,000 పెట్టుబడిపై వడ్డీ రు. 3,150 పోగా రు. 15,050 నిలుస్తుంది. రవాణా ఎవరు భరించేదీ ముందే తేల్చుకోవాలి. నెల నష్టం ఆ మేరకు తగ్గుతుంది కాబట్టి ఒప్పుకోవచ్చు.

అయితే ఆ సరుకు తిరిగి ఇదే బజారుకు వచ్చి పోటీ పడకూడదు. రంజాన్ ముందు ఇదే ఆర్డరు వస్తే లెక్క తిరగబడుతుంది. కారిగర్లకు తీరిక లేని రోజులలో రు. 180కి ఇచ్చిన ప్రతి జోడీ వల్ల రు. 260 బేరం పోయి రు. 80 నష్టం.

టోకు వర్తకులకు

బేగంబజారు, ఉస్మాన్‌గంజ్ టోకు దుకాణాలలో సరుకులు అనేకం కనుక జోడీ, బస్తా లెక్క కుదరదు. అక్కడ శాతం పట్టుకోవాలి. కొనుగోలు ధర, హమాలీ, దలాలీ, తరుగు పోగా నూటికి రు. 4 మిగిలే దుకాణంలో స్థిర వ్యయం నెలకు రు. 80,000 అయితే రు. 20 లక్షల అమ్మకం కావాలి. పోటీలో అర్ధ రూపాయి వదిలితే అది దాదాపు రు. 22 లక్షల 86 వేలకు పెరుగుతుంది. మార్జిన్ ఎంత సన్ననిదైతే రాయితీ దెబ్బ అంత గట్టిగా తగులుతుంది.

ఈ లెక్కకు పరిమితులు లేకపోలేదు. ఉద్దెర ఇచ్చి వసూలు కాని సరుకును అమ్మకంగా చూపితే, తయారై అలమరలో మిగిలిన జోడీలను మరచిపోతే అంకె మోసం చేస్తుంది. కిరాయి పెరిగినా, మజూరీ మారినా కొత్తగా వేసుకోవాలి. దీపావళికి కొత్త చిఠ్ఠా తెరిచేవారైనా, ఏప్రిల్‌లో తెరిచేవారైనా మొదటి పేజీలో మూడు అంకెలు రాసుకోవడం మంచిది: నెల స్థిర వ్యయం, సరుకుపై మిగులు, రోజుకు అమ్మవలసినది. సాయంత్రం షట్టరు దించేముందు మూడవ అంకెతో ఆనాటి అమ్మకం సరిచూసుకున్న వర్తకుడు, మరునాడు బేరంలో ఎంతవరకు దిగవచ్చునో తెలిసి మాట్లాడతాడు.