ఏకగ్రీవం ఖరీదు

సర్పంచి ఎన్నిక ఏకగ్రీవమైతే ఊరికి డబ్బొస్తుంది. 2021 ఫిబ్రవరి పంచాయతీ ఎన్నికలప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల దాకా నజరానా ప్రకటించింది. బలవంతపు ఏకగ్రీవాలు జరుగుతాయేమోనని అప్పటి ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్‌కుమార్ అనుమానపడితే అదో పెద్ద రగడైంది. బేస్తవారిపేట, గిద్దలూరు, మార్కాపురం వైపు పల్లెలకు ఆ సొమ్ము తక్కువేమీ కాదు. ఎండాకాలం నీళ్ల ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టే ఊళ్లో ఐదు లక్షలంటే బోరు, మోటారు, కాస్త పైపులైను. అయితే ఆ బోరు ఏ వీధిలో పడాలో ఎవరు తేలుస్తారు? పోటీ ఉంటే ఓటు కోసమైనా ఎస్సీ కాలనీ గడప తొక్కాలి. లేకపోతే రచ్చబండ దగ్గర నలుగురు పెద్దలు అనుకుంటే చాలు. రిజర్వుడు పదవైతే మరీ సులువు, మాట వినే మనిషిని వాళ్లే వెతికి నిలబెడతారు.

నలుగురి ముందు కాదనడం ఎంత కష్టమో 1950లలో సాలమన్ ఆష్ అనే మనస్తత్వవేత్త అమెరికాలో పరీక్షించి చూశాడు. గీతల పొడవు పోల్చమంటే, గదిలో ముందే కూడబలుక్కున్నవాళ్లంతా తప్పు చెప్పారు. అసలు పరీక్షకు వచ్చినవాళ్లు సుమారు మూడింట ఒక వంతు సార్లు ఆ తప్పుకే తలూపారు. గుంపులో ఒక్కడు నిజం చెప్పేసరికి ఈ తలూపడం బాగా తగ్గిపోయింది. ముక్కూమొహం తెలియనివాళ్ల మధ్యే ఇంత మొహమాటమైతే, అప్పిచ్చిన ఆసామి ఎదుట కౌలురైతు చెయ్యెత్తుతాడా?

ఎన్నికలొస్తే కక్షలు రేగుతాయి, అభ్యర్థులు అప్పులపాలవుతారు అంటారు. ఆ భయం ఉత్తదేం కాదు, సీమ అంచున ఉన్న ఈ ప్రాంతానికి ముఠా తగాదాలు తెలియనివి కావు. కానీ పొలం గట్టు దగ్గరా నీటి వంతు దగ్గరా మొదలైన పగ, నామినేషన్లు వెనక్కి తీసుకున్నంత మాత్రాన చల్లారదు. ఖర్చు మాటకొస్తే, పదవిని వేలంపాటలో కొనుక్కున్న సర్పంచుల కథలు పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. నిజంగా ఊరంతా మెచ్చిన మనిషి ఉంటే పోటీ పెట్టి తీరాలని ఎవరూ అనరు. అలాంటి చోట గ్రామసభలో ఎవరైనా లేచి బిల్లు అడిగినా గొడవ కాదు. ప్రోత్సాహం ఇవ్వదలిస్తే అక్కడే ఇవ్వచ్చు: సభలు సక్రమంగా జరిపి, వచ్చిన అభ్యంతరాన్నీ దానికి చెప్పిన జవాబునూ మినిట్స్ పుస్తకంలో రాసిన పంచాయతీకి.