ఇయోసినోఫిలిక్ ఫాసియైటిస్

ఇయోసినోఫిలిక్ ఫాసియైటిస్ ఒక అరుదైన వ్యాధి. ఇందులో చేతులు, కాళ్ళ కండరాలను కప్పి ఉంచే ఫాసియా అనే పొర తాపానికి గురై, మందంగా, గట్టిగా మారుతుంది. అమెరికా వైద్యుడు లారెన్స్ షుల్మన్ దీనిని 1974లో వర్ణించాడు. అందువలన దీనికి షుల్మన్ వ్యాధి అనే పేరు కూడా ఉంది.

లక్షణాలు

మొదట ముంజేతులలో వాపు, నొప్పి కనిపిస్తాయి. తరువాత చర్మం నారింజ తొక్కలాగా గుంటలు పడి గట్టిపడుతుంది. చేయి పైకెత్తినప్పుడు సిరల వెంబడి చాలువంటి పల్లం ఏర్పడుతుంది. వ్యాధి ముదిరితే కీళ్ళు బిగుసుకొని, రెండు అరచేతులను జోడించి నమస్కరించడం కూడా కష్టమవుతుంది. స్క్లీరోడెర్మా వ్యాధిలో వలె వేళ్ళ చర్మం గట్టిపడటం, చలికి వేళ్ళు తెల్లబడటం ఇందులో సాధారణంగా ఉండవు. చాలామంది రోగుల రక్తంలో ఇయోసినోఫిల్ అనే తెల్లరక్తకణాలు పెరుగుతాయి. కొందరిలో ఈ వ్యాధి అధిక శారీరక శ్రమ తరువాత మొదలవుతుంది.

చిత్రణ

మామూలు ఎక్స్-రేలో ఎముకలు స్పష్టంగా కనిపిస్తాయి గానీ ఫాసియాలోని మార్పులు తెలియవు. అల్ట్రాసౌండ్ పరీక్షలో ఆ పొర మందాన్ని కొలవవచ్చు. అన్నిటికంటె ఉపయోగకరమైనది ఎం.ఆర్.ఐ. స్కాన్. కొవ్వు నుండి వచ్చే సంకేతాన్ని అణచివేసి తీసిన చిత్రాలలో, తాపం ఉన్న ఫాసియా కండరాల చుట్టూ తెల్లని గీతలుగా మెరుస్తుంది. గాడోలినియం మందు ఎక్కించినప్పుడు ఆ గీతలు మరింత ప్రస్ఫుటమవుతాయి. ఈ మందు వాడేముందు మూత్రపిండాల పనితీరును పరిశీలిస్తారు.

ముక్క పరీక్షకు సరైన చోటును ఎన్నుకొనడానికి ఈ చిత్రాలు తోడ్పడతాయి. పైచర్మం మాత్రమే తీస్తే వ్యాధి బయటపడకపోవచ్చు. అందుచేత చర్మం నుండి ఫాసియా వరకు లోతుగా ముక్క తీయాలి. చికిత్స ఫలిస్తున్నదీ లేనిదీ తెలుసుకొనడానికి కూడా ఎం.ఆర్.ఐ. పనికివస్తుంది.

చికిత్స

ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్ మందులు ప్రధాన చికిత్స. అవసరాన్ని బట్టి మెథోట్రెక్సేట్ చేరుస్తారు. కీళ్ళు బిగుసుకోకుండా వ్యాయామ చికిత్స అవసరం. చికిత్స ఆలస్యమైతే చేతుల బిగువు శాశ్వతంగా మిగిలిపోవచ్చు.

తెలంగాణలో ప్రాధాన్యత

సిరిసిల్ల మరమగ్గాలకు ప్రసిద్ధి. జగిత్యాల, కోరుట్ల ప్రాంతాలలో బీడీలు చుట్టడం అనేక కుటుంబాలకు జీవనాధారం. చేతి పనితో జీవించేవారిలో ముంజేతి నొప్పి సాధారణమే. అది ఎక్కువగా శ్రమ వలన వచ్చేదే. అయితే నొప్పితో పాటు చర్మం గట్టిపడుతూ ఉంటే దానిని కేవలం శ్రమగా భావించరాదు. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. హైదరాబాదులోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో ఇటువంటి వ్యాధులకు ప్రత్యేకంగా రుమటాలజీ విభాగం ఉంది.