కొలువు భయము, ఆకాశ క్షేమము

కువైట్ నగరమునకు దక్షిణముగా, ఫింతాస్‌కును అబూ హలీఫాకును నడుమ, సముద్రతీరమున నున్న మహబూలాలో కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాలనుండి వచ్చిన తెలుగువారనేకులు ఒక్కొక్క ఫ్లాటును పలువురు పంచుకొని కాలము గడుపుచుందురు. సెలవు దొరికి హైదరాబాదు విమానమెక్కి కన్నులు మూసికొను ఆ ప్రయాణికునకు, తన అకామా (నివాసానుమతి) కఫీలు (పూచీదారుడగు యజమాని) చేతిలో నున్నట్లే, ముందు గదిలో కూర్చున్న పైలటు జీవనోపాధియు ఒక సంస్థ ఇష్టానిష్టములపై ఆధారపడి యుండవచ్చునని తోచదు. తోచినచో, ఆ సంగతిని అతనికంటె చక్కగా గ్రహింపగలవారు లేరు.

విమానయాన క్షేమము యంత్రముల పటుత్వముపై ఎంత నిలిచియున్నదో, పైలటులు తమ పొరపాటులను, అలసటను, తృటిలో తప్పిన గండములను తామే వ్రాసి తెలుపుటపైనను అంత నిలిచియున్నది. 1974 డిసెంబరు 1వ తేదీన ట్రాన్స్ వరల్డ్ ఎయిర్‌లైన్స్ వారి 514వ విమానము, వాషింగ్టను సమీపమున దిగబోవుచు, వర్జీనియాలో మౌంట్ వెదర్ అను కొండను ఢీకొనగా అందున్న 92 మందియు మరణించిరి. ఆరు వారములకు పూర్వమే యునైటెడ్ సంస్థ పైలటులు అదే మార్గమున పొరబడి, కొద్దిలో ఆ కొండను తప్పించుకొని, జరిగినది తమ సంస్థకు తెలిపియుండిరి. ఆ సంస్థ తన వారిని హెచ్చరించెను గాని ఆ హెచ్చరిక పొరుగు సంస్థకు చేరలేదు. మరుసటి యేడు అమెరికా విమానయాన నియంత్రణ శాఖ నివేదికలు స్వీకరించుటకు ఒక పద్ధతి నేర్పరచినను, లైసెన్సు లాగికొను అధికారముగల చేతికే తమ తప్పును వ్రాసి యిచ్చుటకు పైలటులు జంకిరి. అందుచేత 1976లో ఆ పనిని, శిక్షించు అధికార మేమాత్రమును లేని నాసాకు అప్పగించిరి. నాసా పేరున్న చీటీని చించి, వ్రాసినవానికే తిప్పి పంపును. బుద్ధిపూర్వకముగా చేయని తప్పును 10 దినములలోగా తెలిపినవానికి, కొన్ని నియమములకు లోబడి, శిక్ష తప్పును. మనుష్యుని ధైర్యము చూపుమని అడుగక, ధైర్యముతో పనిలేని ఏర్పాటు చేసిన ఆ విజ్ఞత నాకు మిక్కిలి గౌరవపాత్రముగా తోచును.

ఐనను ఆ కవచము లైసెన్సును కాచునే గాని కొలువును కాచదు. బెల్జియములోని ఘెంట్ విశ్వవిద్యాలయమువారు 2015లో ఆరువేలకు పైగా పైలటుల నడిగి ప్రకటించిన పరిశీలనలో, ఇంచుమించు ఆరుగురిలో ఒకరు విమాన సంస్థకు నేరుగా ఉద్యోగులు కారనియు, ఏజెన్సీల ద్వారానో స్వయం ఉపాధి పేరిటనో పనిచేయుచున్నారనియు తేలినది. ఎగిరిన గంటలకే వేతనము పొందువాడు అలసితినని చెప్పినచో ఆనాటి రాబడి పోవును. తరచుగా చెప్పినచో కాంట్రాక్టు పొడిగింతురో లేదో తెలియదు. శిక్షణకై చేసిన అప్పు వాయిదాలు మాత్రము ఆగవు. అట్టివానిని ఎవ్వరును బెదిరింపనక్కరలేదు. నివేదించిన ఉద్యోగిని యజమాని వేధింపరాదని యూరపువారు 2014లోనే 376వ నిబంధనగా శాసించిరి. కాని గడువు తీరిన కాంట్రాక్టును పొడిగింపకుండుట వేధింపేయని ఋజువు చేయుట ఎవరి తరము?

మన దేశమున 2024 జనవరిలో విమానయాన నియంత్రణ శాఖయగు డీజీసీఏ ప్రకటించిన నియమములు పైలటుల వారపు విశ్రాంతిని 36 గంటలనుండి 48 గంటలకు పెంచి, అలసట నివేదికలను మూడు నెలల కొకమారు సమర్పింపవలెనని సంస్థలను ఆదేశించినవి. మంచి పనియే. కాని వచ్చిన కాగితములను లెక్కించుటకంటె, రాని కాగితము లెందుచేత రాలేదో విచారించుట ముఖ్యమని నా నమ్మకము. నివేదికలు లేని సంస్థను క్షేమమైన సంస్థగా ఎంచుట వలదు.

కువైట్‌లో ఈ భయము మరింత లోతైనది. ఇచట పరదేశికి కొలువు పోయిన నివాసార్హతయు ప్రమాదమున పడును. 2020 మే నెలలో కోవిడ్ నష్టముల నడుమ కువైట్ ఎయిర్‌వేస్ సుమారు 1,500 మంది పరదేశ ఉద్యోగులను తొలగించుచున్నట్లు ప్రకటించెను. 2025 జూలై 1 నుండి 18వ నంబరు వీసాపై నున్న ప్రైవేటు ఉద్యోగి దేశము విడిచి వెళ్లుటకు సైతము యజమాని సమ్మతిగల అనుమతిపత్రము కావలెను. యజమానికి అప్రియమైన నివేదికపై సంతకము చేయునపుడు, పిల్లల బడియు, ఇంటి అద్దెయు, తిరుగు ప్రయాణమును పరదేశి మనస్సున మెదలకుండునా?

ఇది పైలటులకు మాత్రమే పరిమితమైన కథ కాదు. 2024 జూన్ 12వ తేదీ వేకువన, మహబూలాకు కొద్ది దూరములోనే యున్న మంగాఫ్‌లో, సుమారు 196 మంది కార్మికులు వసించు భవనమున అగ్నిప్రమాదము సంభవించి, కనీసము 45 మంది భారతీయులు అసువులు బాసిరి. వారిలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వారు. విద్యుత్ షార్ట్ సర్క్యూట్ అందుకు కారణమని అధికారులు నిర్ణయించిరి. పిదప ప్రభుత్వము భవనములను తనిఖీ చేయించి, నిబంధనలు మీరినవానిపై చర్యలు గైకొనెను. ఆ తనిఖీలు వేకువ మంటలకు ముందే రావలెనన్నచో, కాలిన వాసన వచ్చుచున్న స్విచ్ బోర్డును గురించి కార్మికుడు వ్రాసిన చీటీ, కంపెనీవాని కంట పడక, అకామా రద్దుచేయు అధికారము లేని ఒక మూడవ చేతికి చేరవలెను. అమెరికా పైలటులకు ఏబదియేండ్ల క్రిందటనే అమరిన అట్టి చేయి మహబూలా మేడలలోని వారికి నేటికిని కావలసియున్నది.