పిల్లలు బర్గరంటున్నారా?



ఆదివారం సాయంత్రం అయ్యేసరికి "అమ్మా, బర్గరు తినొద్దామా?" అంటూ పిల్లలు కొంగు పట్టుకోని ఇల్లు ఈ రోజుల్లో పట్టణాల్లో అరుదు. పెద్ద కంపెనీల హోటళ్ళు అద్దాల తలుపులతో, రంగుదీపాలతో పిలుస్తూనే ఉంటాయి. అంతదూరం పోనక్కర్లేకుండా మన వీధి మలుపులోనే భార్యాభర్తలిద్దరూ కలిసి నడుపుకునే చిన్న హోటలూ ఉంటుంది. ధర అందుబాటులో ఉంటుంది, మనుషులు తెలిసినవాళ్ళు. మరి అక్కడ పిల్లలకి పెట్టించవచ్చునా? నిక్షేపంలా పెట్టించవచ్చు. కాకపోతే చూసి పెట్టించాలి. ఏం చూడాలో ఈవేళ చెప్పుకుందాం.

ముందు పేరు సంగతి. హామ్ అంటే పందిమాంసం కదా, హాంబర్గరులో అదే ఉంటుందేమోనని కొందరికి అనుమానం. ఆ రెంటికీ సంబంధం లేదు. జర్మనీలోని హాంబర్గ్ నగరం పేరు మీద వచ్చిన మాట అది. కైమా కొట్టిన మాంసాన్ని బిళ్ళలా ఒత్తి, కాల్చి, రొట్టెల మధ్య పెట్టినదే హాంబర్గరు. అమెరికాలో గొడ్డుమాంసంతో చేస్తారు. 1996లో మెక్‌డొనాల్డ్స్ వారు మన దేశంలో మొదటి హోటళ్ళు తెరిచినప్పుడు గొడ్డుమాంసం, పందిమాంసం రెండూ లేకుండానే తెరిచారు. మన వీధి హోటళ్ళలో మామూలుగా దొరికేది కోడిమాంసంతోనో, బంగాళాదుంపతోనో చేసినదే.

ఇక చిన్న హోటలు అనగానే తేలిగ్గా తీసిపారేయకండి. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూహేవెన్ అనే ఊళ్ళో "లూయీస్ లంచ్" అని ఓ చిన్న హోటలుంది. డెన్మార్కు నుంచి వలస వచ్చిన లూయీ లాసెన్ 1895లో మొదలుపెట్టిన ఆ హోటలును తరాలు మారినా ఆ కుటుంబంవారే నడుపుకుంటూ వస్తున్నారు. హాంబర్గరు 1900లో తమ దగ్గరే పుట్టిందని వాళ్ళ మాట. కాదు, మా దగ్గరని ఇంకొన్ని ఊళ్ళవాళ్ళు పోటీకి వస్తారనుకోండి! అక్కడ మాంసం ఏ రోజుకారోజే కైమా కొడతారు. పాతకాలపు నిలువు ఇనపపొయ్యిల్లో కాల్చి, రెండు మామూలు రొట్టెముక్కల మధ్య పెడతారు. పైన చీజు, ఉల్లిపాయ, టొమాటో, అంతే! కెచప్పూ, ఆవముద్దా, మయొనైజూ అడిగినా ఇవ్వరు.

ఇందులో మనం గ్రహించవలసింది ఉంది. సరుకు తాజాదైతే పైపూతల అవసరం అంతగా ఉండదు. మసాలా దట్టించి నిన్నటి కూరని ఈవేళ వడ్డించడం మనకి తెలియని విద్యా? కాబట్టి మొదటిసారి వెళ్ళినప్పుడు సాసులు వేయకుండా ఒకటి చేయించి, లోపలి బిళ్ళ రుచి చూడండి. అసలు రంగు బయటపడుతుంది.

మాంసపు బిళ్ళ విషయంలో ఒక ముఖ్యమైన సంగతి. ముక్కగా ఉన్న మాంసానికి సూక్ష్మజీవులు చాలావరకు పైభాగంలోనే ఉంటాయి. పైన బాగా వేడి తగిలితే చస్తాయి. కైమా కొట్టినప్పుడు పైనున్నవి కాస్తా లోపలికి కలిసిపోతాయి. అందుకని కోడికైమా బిళ్ళ నడిమధ్యలో కూడా 74 డిగ్రీల సెంటీగ్రేడు వేడి తగలాలి. హోటలుకి థర్మామీటరు పట్టుకు వెళ్ళలేం కదా! బిళ్ళని రెండుగా తుంచండి. మధ్యలో పొగలు రావాలి. పచ్చిగా, గులాబీరంగుగా కనిపిస్తే మొహమాటపడకుండా మళ్ళీ కాల్చి ఇమ్మనండి. దుంపబిళ్ళ అయితే భయం లేదనుకోకండి. ఉడికించి చిదిమిన దుంపముద్ద రెండు గంటలకి మించి బయట ఉండకూడదు. మన ఎండల్లో ఇంకా త్వరగా పాడవుతుంది సుమా!

అన్నిటికంటె జాగ్రత్తపడవలసింది ఆ తెల్లని సాసు దగ్గర. మయొనైజ్ అంటే పచ్చి గుడ్డుసొనలో నూనె, నిమ్మరసమో వెనిగరో పోసి చిలికినది. పొయ్యెక్కదు. గుడ్డులో సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉంటే అది బతికే ఉంటుంది, బయట పెట్టినకొద్దీ పెరుగుతుంది. వాంతులు, విరేచనాలు, జ్వరం పట్టుకుంటాయి. పసిపిల్లలకీ, గర్భిణులకీ, వృద్ధులకీ ప్రాణం మీదికి రావచ్చు. ఈ కారణంగానే తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డుతో చేసే మయొనైజును 2024 అక్టోబరు 30 నుంచి ఏడాదిపాటు నిషేధించింది. నిషేధం ఉన్నా లేకపోయినా పచ్చిగుడ్డు గుణం మారదు కదా! గుడ్డు లేనిదో, పాశ్చరైజు చేసిన గుడ్డుతో కంపెనీవారు సీసాలో నింపినదో అయితే ఫరవాలేదు. అదైనా మూత తీశాక ఫ్రిజ్జిలోనే ఉండాలి.

ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు. చిన్న హోటల్లో ఉన్న సుఖం ఇదే, వంటగది మన కళ్ళెదుటే ఉంటుంది. పచ్చిమాంసం పట్టుకున్న చేత్తోనే బన్ను పట్టుకుంటున్నారా, చెయ్యి కడుగుతున్నారా, కోసిన ఉల్లిపాయల మీద మూత ఉందా అన్నది నిలబడ్డచోటునుంచే తెలుస్తుంది. ఆహారభద్రతా శాఖవారిచ్చే 14 అంకెల నంబరు గోడమీద ఉందేమో కూడా చూడండి. ఎంత చిన్న హోటలుకైనా అది ఉండాలి.

తప్పులెన్నే గొంతుతో మాత్రం అడక్కండి. "వదినా, టిక్కీలు ఎప్పుడు చేశారు? ఈ తెల్ల సాసు ఇంట్లో చేసిందా, సీసాదా?" అంటే చాలు, శుభ్రంగా వండే ఇల్లాలు సంతోషంగా చెబుతుంది. సాసు ఇంట్లో చేసిందంటే, గుడ్డలో కట్టి నీళ్ళోడ్చిన గట్టిపెరుగులో ఉప్పూ, మిరియప్పొడీ కలిపి వాడుకోమని మీరే చెప్పండి. ఖర్చు తక్కువ, భయమూ ఉండదు. పెద్ద కంపెనీకి ఒకచోట పేరు పోతే వంద శాఖలుంటాయి. వీళ్ళకి ఒక్క పిల్లవాడు జబ్బుపడితే అద్దె కట్టే దారి మూసుకుపోతుంది. కనుక మనం అడగడం వాళ్ళకీ మేలే.

ఈ ఆదివారం రద్దీగా ఉండే వేళలోనే వెళ్ళండి, అప్పుడే సరుకు ఎప్పటికప్పుడు చెల్లిపోతుంది. బాగుంటే ఆ మాట పెనం దగ్గరున్నావిడకి వినపడేట్టు చెప్పి మరీ రండి.